పొందిక కత్తిరించిన మాట

పెంటయ్య తిట్టడం మానేశాడు. మానేశాడని దానయ్య అనుకున్నాడు.

అంతకుముందు పెంటయ్య నీళ్లలోకి దిగాడంటే పైన బార్జీ పడవ మీదున్నవాళ్లు చెవులు మూసుకోవలసిందే. విశాఖ రేవులో ఆగిన ఓడల అడుగున పట్టిన గుల్లని గీకే పని అతనిది. నలభై అడుగుల లోతున, ఏమీ కనపడని మట్టినీళ్లలో, హెల్మెట్ లోపలినుంచి ఆగకుండా మాట్లాడుతూనే ఉంటాడు. గుల్లని తిడతాడు. ఓడని తిడతాడు. ఆ ఓడ కట్టిన దేశాన్ని తిడతాడు. తిట్టడానికి మరేమీ మిగలకపోతే పైన తాడు పట్టుకుని కూర్చున్న బావని తిడతాడు.

"ఏటి బావా, నిద్దరోయావేటి? నీ చేతిలో ఉన్నది నా పేణం, గేదె పలుపు కాదు!"

"ఊఁ" అంటాడు దానయ్య.

దానయ్య తాడు మేస్త్రీ. దిగినవాడి నడుముకి కట్టిన తాడు, గాలిగొట్టం, మాట్లాడే తీగ, మూడూ అతని చేతుల మీదుగానే కిందికి పోతాయి. ముప్పై ఏళ్లుగా అదే పని. రోజు మొత్తానికి ఇరవై మాటలు ఆడితే ఎక్కువ. పెంటయ్య అతని భార్య నూకాలుకి తమ్ముడు. నూకాలు జ్వరంతో పోయి అప్పటికి ఏడాది అయింది. ఆ రోజునుంచి దానయ్య పెంటయ్య ఇంటి గడప తొక్కలేదు. ఆ ఇంట్లోనే నూకాలు పుట్టింది, పెరిగింది. ఆ గుమ్మం చూస్తే కాళ్లు వెనక్కి పోతాయి.

పెంటయ్య మాటల్లో సగం దానయ్య చెవికి ఎక్కేవి కావు. ధోరణి మాత్రం ఎక్కేది. తిట్టు జోరుగా ఉంటే పని బాగున్నట్టు. తిట్టు సన్నబడితే ఏదో అయినట్టు. ఓసారి పెంటయ్య ఉన్నట్టుండి, తిడుతున్న ఓడనే "అమ్మా, తల్లీ" అని పిలిచాడు. దానయ్య ఏమని అడగలేదు. లాగేశాడు. చూస్తే గాలిగొట్టం ఓడ పంకా రెక్క దగ్గర మడతపడి ఉంది.

అలాంటి రోజుల్లో కొండమీది లేబొరేటరీనుంచి ప్రసూన అనే అమ్మాయి బార్జీ మీదికి ఒక పెట్టె తెచ్చింది. టిఫిన్ డబ్బా అంత పెట్టె. దాని పేరు పొందిక.

కిందికి గాలి పంపే కంప్రెసర్ మోతకి బార్జీ మీద పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. అందుకని అందరూ చెవులకి కప్పులు పెట్టుకుని తీగ మీదే మాట్లాడుకుంటారు. ప్రసూన ఆ తీగలన్నీ తన పెట్టెలో గుచ్చింది. ముందురోజు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి నలభై ప్రశ్నలు అడిగింది. కోపం వస్తే ఏం చేస్తావు, ఎవరైనా తప్పు చూపిస్తే ఎలా ఉంటుంది, ఇలాంటివి. దాన్నిబట్టి మనుషుల్ని నాలుగు రకాలు చేసింది.

పెంటయ్య దిగాడు. పావుగంట తరవాత కిందనుంచి ఏదో అన్నాడు.

కంప్రెసర్ చూసే సన్యాసికి ఇలా వినపడింది: "ఏం కంగారు లేదురా సన్యాసీ, గాలి చల్లగా వస్తోంది. ఇంకో గంట ఓపిక పట్టు." ఓడ తరపున తనిఖీకి వచ్చే గురుమూర్తికి ఇలా వినపడింది: "గుల్ల గట్టిగా ఉంది, అందుకే ఆలస్యం. ఎనిమిది అడుగుల్లో రెండు అయ్యాయి. ఇంకో గంట పడుతుంది." దానయ్యకి వినపడింది రెండే మాటలు. "ఇంకో గంట."

మూడూ పెంటయ్య గొంతే. అతను నిజానికి అన్నది ప్రసూన ఒక్కతే వింది. ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి.

"మాట మారదండీ" అంది ఆవిడ. "కూర ఒకటే. ఎవరు తినగలిగినంత కారం వాళ్లకి."

పైకి వచ్చాక పెంటయ్య ఆ నాలుగు రకాలకీ చేపల పేర్లు పెట్టాడు. ప్రసూన చెప్పిన పేర్లు ఎవరికీ నోరు తిరగలేదు మరి. భయస్తుడైన సన్యాసి చందువ. ప్రతిదీ గిల్లి చూసే గురుమూర్తి పీత. గుంపు లేకపోతే బతకలేని తను కవళ్లు. సూటిగా ఒక్క ముక్క కావాలనేవాడు సొర.

"మీ బావగారు సొర" అంది ప్రసూన.

"మా బావ సొరేటమ్మా! సొరైతే కదులుతాది. రాయి అని రాసుకో."

దానయ్య ఊఁ అన్నాడు. కంప్రెసర్ ఆగడంతో అతని చెవికప్పులు మెడలోకి దిగి ఉన్నాయి. హెల్మెట్ తీసిన పెంటయ్య మాత్రం కప్పులు పెట్టుకునే ఉన్నాడు. ఆ ఊఁ పెంటయ్య చెవిలోకి వేరేలా వెళ్లింది కాబోలు, అతను ఒక్కసారి బావ వైపు తిరిగి, నోరు తెరుచుకుని చూసి, తరవాత సిగ్గుపడ్డాడు.

పొందిక వచ్చాక బార్జీ మీద తగవు లేదు. వెనక గురుమూర్తికీ పెంటయ్యకీ వారానికోసారి తన్నుకునేదాకా వచ్చేది. ఇప్పుడు గురుమూర్తి టీ తెప్పిస్తున్నాడు. సన్యాసి చేతుల వణుకు తగ్గింది. పది రోజుల పని ఏడు రోజుల్లో అవుతోంది. దానయ్య చెవిలో పెంటయ్య వచ్చేది ఇంతే: "దిగాను." "తాడు వదులు." "అయింది." "లాగు." హాయిగా ఉంది అనుకున్నాడు దానయ్య. ఆర్నెల్లు అలాగే అనుకున్నాడు.

ఆ తరవాత ఏదో వెలితి మొదలైంది. ఏమిటో తెలియదు. ఇంటికి పోయి అన్నం వండుకుంటాడు, చారు కాచుకుంటాడు, తింటాడు. గిన్నె కడిగి బోర్లించాక చేతులు ఊరికే ఉంటాయి. రేడియో పెడితే అందులోవాళ్లు మర్యాదగా మాట్లాడతారు. ఆపేస్తాడు. నూకాలు ఉన్నన్నాళ్లు ఆ ఇంట్లో పొద్దున్న లేచింది మొదలు ఒకటే మాట. ఆవిడ తరవాత ఆ మాట ఎలాగో పెంటయ్య నోట మిగిలి ఉండేది. అక్కాతమ్ముళ్లది ఒకటే ధోరణి. "నీ చేతిలో ఉన్నది గేదె పలుపేటి" అని నూకాలు కూడా అనేది, బజారుకి పంపితే అతను సంచీ ఊపుకుంటూ వస్తున్నప్పుడు. ఇదంతా దానయ్య ఇంత వరసగా ఆలోచించలేదు. చేతులు ఊరికే ఉన్నాయని మాత్రం తెలిసేది.

పెంటయ్యతో ఎదురుగా మాట్లాడొచ్చు కదా అంటే, అదీ లేదు. పైకి వచ్చి హెల్మెట్ తీశాక పెంటయ్య బావ మొహం చూడడు. చూస్తే అక్క గుర్తొస్తుంది. ఒళ్లు తుడుచుకుని, స్కూటర్ ఎక్కి, వెనక్కి చూడకుండా పోతాడు. నోరంతా నీళ్లకిందే.

ఓ పొద్దున్న దానయ్య చేపలకి బజారుకి వెళితే పెంటయ్య భార్య అప్పయ్యమ్మ గంప ముందు కూర్చుని ఉంది. ఇతన్ని చూసి కత్తిపీట మీద చెయ్యి ఆపింది.

"వచ్చారా అన్నియ్యా! మాటలు కోటలు దాటతాయి, కాలు గడప దాటదు."

దానయ్యకి అర్థం కాలేదు. వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని తిరిగి చూశాడు.

"మిమ్మల్నే. ఇంకెవరున్నారు?"

"నేనేటన్నానమ్మా?"

"ఏటనలేదూ! మీ నోట ముత్యాలు రాలతాయని నా మొగుడు ఊరంతా సెప్పుకుంటన్నాడు" అని, నాలుగు పండుగప్పలు కోయాల్సింది ఆరు కోసి అతని సంచీలో పడేసింది.

ఈవిడకి ఎండ తగిలింది అనుకుని దానయ్య ఇంటికి పోయాడు.

అలా మూడేళ్లు గడిచాయి. వైశాఖమాసంలో ఒక పగలు పెద్ద నూనె ఓడ కింద పని. పెంటయ్య దిగాడు. మామూలుగానే మాటలు వస్తున్నాయి. "దిగాను." "మొదలెట్టాను." "బాగుంది." పన్నెండు గంటలకి గాలి తిరిగింది. కంప్రెసర్ ఇంజిన్ పొగ ఎప్పుడూ సముద్రం వైపు పోయేది కాస్తా, ఆ కంప్రెసర్ గాలి పీల్చే మూతి వైపే మళ్లింది. కంటికి కనపడేంత పొగ కాదు. గొట్టంలోంచి కిందికి మాత్రం అదే పోతోంది. అలాంటి గాలి పీల్చినవాడికి నొప్పి తెలియదు. బుర్ర తిరుగుతుంది, మాట తడబడుతుంది, ఏం అంటున్నాడో తనకే తెలియదు.

"ఎలా ఉంది?" అన్నాడు దానయ్య.

"బాగుంది" అంది చెవిలో పెంటయ్య గొంతు. కాసేపటికి, "ఇంకో పది నిమిషాలు."

స్పష్టంగా ఉంది. అంత స్పష్టంగా పెంటయ్య జన్మలో మాట్లాడి ఉండడు.

పది నిమిషాలు కాకముందే సన్యాసి తల పట్టుకుని డెక్కు మీద కూలబడ్డాడు. పొగ తగిలింది వాడికి. దానయ్య పైనున్న జెండా చూశాడు, జెండా ఎటు ఎగురుతోందో చూశాడు, తాడు లాగాడు. తాడు అవతల కాలూ చెయ్యీ ఆడనివాడి బరువు ఎలా ఉంటుందో ముప్పై ఏళ్లలో అతనికి అదే మొదటిసారి తెలియడం.

పెంటయ్య బతికాడు. ఇరవై రోజులు ఆసుపత్రిలో ఉంచారు. కుడిచెయ్యి సరిగా లేవడం లేదు. ఎదుటివాళ్లు అన్నది అంతా తెలుస్తోంది. నోట్లోంచి మాత్రం మాట రాదు. వస్తుందేమో అని నోరు తెరుస్తాడు, మెడ నరాలు ఉబ్బుతాయి, "అ... అ..." అని ఆగిపోతాడు. మాట ఉండే చోటే పాడైందన్నాడు డాక్టరు. తిరిగి రాదన్నాడు.

విచారణ జరిగింది. దానయ్యని పిలిచి అడిగారు. "బాగుందన్నాడు" అని చెప్పాడు. "ఇంకో పది నిమిషాలన్నాడు" అని చెప్పాడు. రాసుకున్నారు. గాలి తిరగడం దైవాధీనం, ఎవరి తప్పూ లేదని తేల్చారు.

ఇంటికి వచ్చి దానయ్య చాపమీద పడుకున్నాడు. బాగుందన్నాడా? పెంటయ్య ఎప్పుడైనా బాగుందని అన్నాడా? పెళ్లిభోజనంలో కూడా అనలేదే వాడు. ఆ మాట తట్టాక దానయ్యకి కూర్చోబుద్ధి కాలేదు. మర్నాడు బస్సెక్కి కొండమీదికి పోయాడు.

ప్రసూన అతన్ని చూసి లేచి నిలబడింది. మూడేళ్లలో ఆవిడకి కళ్లజోడు వచ్చింది.

"వాడు ఏటన్నాడో నాకు కావాలి" అన్నాడు దానయ్య. "ఆ పెట్టి చెప్పింది కాదు. వాడన్నది."

"అసలు మాటలు మేము ఉంచమండీ. ఏ రోజువి ఆ రోజే చెరిపేస్తాం. ప్రమాదం గంట కొడితే ఆ ఒక్కసారిది మాత్రం ఉంటుంది." ఆవిడ తేదీ చూసింది. "నలభై ఒక్క నిమిషాలు ఉంది. విచారణ అయిపోయింది కాబట్టి రేపు అదీ పోతుంది."

"అయితే ఇవాళ పెట్టు తల్లీ."

ఆవిడ తలుపు వేసి వచ్చి వినిపించింది.

మొదట నీళ్ల బుడగల చప్పుడు. తరవాత పెంటయ్య. "ఒరే నీ గుల్ల దినం సెయ్య, నీ ఓడ ముండమొయ్య, ఇదేటి గుల్లా, ఇనపముద్దా? బావా! ఓ రాయీ! వింటన్నావా? ఆ పీతగాడు డెక్కు మీద ఏటి గిల్లుతున్నాడు?"

దానయ్య నవ్వాడు. నవ్వొస్తుందని అతనూ అనుకోలేదు. ప్రసూన తల దించుకుంది.

"బావా, ఆదివారం ఇంటికి రా. నీ సెల్లెలు రొయ్యలు ఎండబెట్టింది, వంకాయేసి వండుతాది. ఎప్పుడూ వత్తానంటావు, రావు. పోనీ, రాకపోయినా వత్తానని నువ్వు అంటే బాగుంటాది నాకు. అక్క పోయినకాడనుంచి ఇంట్లో నీ పీట అలాగే ఉంది. ఎవర్నీ కూకోనివ్వదు నీ సెల్లెలు."

దానయ్య చెయ్యెత్తాడు. ప్రసూన ఆపింది.

"వత్తానని నేనెప్పుడన్నాను?"

ఆవిడ తెర మీద వెతికింది. పొందిక ఎవరికి ఏం వినిపించిందో అదంతా దాచి ఉంది. చెరిపేది అసలు మాటలనే. "మీరు 'ఊఁ' అన్నారు. ఆయనకి వినపడింది చదవమంటారా?"

"చదువు."

"'తప్పకుండా వస్తాను పెంటయ్యా. నీ ఇల్లు నాకు పరాయిదా? ఈ ఆదివారం మనం కూర్చుని మాట్లాడుకుందాం.'" ఆవిడ తెర కిందికి జరిపింది. "ఇలాంటివి మూడేళ్లలో నూట నలభై ఒకటి ఉన్నాయండీ."

"వాడు పిలిచినట్టు నాకెందుకు వినపడలేదు?"

"పనికి సంబంధం లేని మాట తక్కువ మాటల మనిషికి చేర్చనవసరం లేదని పెట్టెకి చెప్పే వరుస ఒకటి రాసి ఉంది. అది రాసింది నేనే."

దానయ్యకి బజారులో అప్పయ్యమ్మ కోపంతో కోసిన ఆరు చేపలు గుర్తొచ్చాయి. నూట నలభై ఒక్క ఆదివారాలు ఆ ఇంట్లో వంకాయ రొయ్యల కూర వండుకుని గుమ్మం వైపు చూశారు కాబోలు.

"పెట్టు" అన్నాడు.

"...నీకు తెలీదు బావా, నువ్వు పెళ్లిచూపులకొచ్చిన రోజు. ఒక్క ముక్క ఆడితే ఒట్టు. అంతా మీయమ్మే మాటాడింది. మీరెల్లిపోయాక నాను పెరట్లోకెల్లి అక్కనడిగాను. ఆడు మూగోడేటే అక్కా, మూగోణ్ణి సేసుకుంటావేటే, అన్నాను. అక్క సేతిలో సేట ఉంది. సేట కింద పెట్టి, ఏటందో తెలుసా బావా... అక్క ఏటందంటే..."

బుడగలు. మళ్లీ బుడగలు. "అక్క... సేట... తల్లీ, అమ్మా తల్లీ..." తరవాత మాట ముద్దైపోయింది. అక్షరం అక్షరం విడిపోయింది. తరవాత శ్వాస ఒకటే.

ఆ "తల్లీ" దగ్గర దానయ్య చేతులు వాటంతట అవే లేచి, లేని తాడుని లాగాయి.

"ఇక్కడే కదా పది నిమిషాలని నాకు వినపడింది" అన్నాడు.

"ఇక్కడే."

"పది అన్నాడా వాడు?"

"అనలేదు. మాట అర్థం కాకపోతే పని ఎంత మిగిలిందో చూసి, ఊహించి, ఆయన గొంతుతో అదే అంటుంది."

కిటికీ అవతల సముద్రం ఎండకి మెరుస్తోంది. ప్రసూన కళ్లజోడు తీసి తుడుచుకుని అంది: "దానయ్యగారూ, ఆయన మాట తీరు మూడేళ్లుగా పొందిక నేర్చుకుంది. వాళ్లక్కగారు ఏమని ఉంటారో మిగతాది ఆయన గొంతుతోనే చెప్పించగలను. నూటికి తొంభై పాళ్లు సరిగ్గానే ఉంటుంది."

"అది నూకాల్ని చూసిందా?"

"లేదు."

"వద్దులే తల్లీ. నీ మంచితనం" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ వరుస కొట్టెయ్యి" అన్నాడు.

"నీళ్లలోకి దిగేవాళ్లందరి తీగలనుంచీ పెట్టెనే తీసేస్తున్నానండీ" అంది ప్రసూన.

ఆదివారం దానయ్య ఉతికిన చొక్కా వేసుకుని పెదజాలారిపేటలో పెంటయ్య ఇంటికి పోయాడు. గడప ముందు నిలబడ్డాడు. కాళ్లు వెనక్కి పోతున్నాయి. లోపలినుంచి అప్పయ్యమ్మ చూసింది.

"ఇప్పుడా అన్నియ్యా రావడం! మాటాడే మొగుడున్నప్పుడు రాలేదు, పీటకి బూజు పట్టాక వచ్చారు" అంది. అంటూనే కొంగుతో పీట తుడిచి వేసింది.

పెంటయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. బావని చూసి ఎడమచేత్తో తన చెవి చూపించాడు. మళ్లీ చూపించాడు. దానయ్యకి తెలిసింది. పొందిక కప్పులు కావాలంటున్నాడు. వాటిలో మాట్లాడే బావ కావాలి వాడికి.

"అవి లేవురా. నా నోరే ఉంది" అన్నాడు దానయ్య. పీట మీద కూర్చున్నాడు. "నువ్వు పిలిచింది నాకెప్పుడూ వినపడలేదు. వత్తానన్నది నేను కాదు. ఆ పెట్టి. నిన్న... మొన్న విన్నాను. ఒక్కసారే."

పెంటయ్య మొహం పడిపోయింది. నూట నలభై ఒక్కసార్లు తనతో అంత ప్రేమగా మాట్లాడినవాడు ఎవరూ లేరని తెలియడం కదా. అప్పయ్యమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

దానయ్య పీట ముందుకి జరుపుకున్నాడు. ఇంకేదో అనాలి. చివరికి తనకి కావలసిందే అడిగాడు.

"మీ అక్క సేట కింద పెట్టి ఏటందిరా?"

పెంటయ్య తల ఎత్తాడు. నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. "అ... అ..." మాట రాలేదు. కోపంతో మంచంపట్టె మీద గుద్దాడు. రాయడం అతనికీ రాదు, దానయ్యకీ మూడో తరగతితో సరి. ఆ మాట తెలిసినవాళ్లు లోకంలో అతనొక్కడే మిగిలాడు. అది అతని లోపలే ఉంది.

"ఉండు. నేను సెప్తాను, నువ్వు తలూపు" అన్నాడు దానయ్య. "మూగోడైతే మంచిదేలే, ఎదురు సెప్పడు. అందా?"

పెంటయ్య కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. పెదవి చివర కొంచెం కదిలింది.

"ఇంట్లో నీ నోరు సాలదా, ఇంకో నోరెందుకు. అందా?"

మళ్లీ అడ్డంగా. ఈసారి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు.

"ఆ మాట మా ఒదిన అంటాది, అంటాది" అంది అప్పయ్యమ్మ, ఆకు వేస్తూ. "అయినా తినండి ముందు."

మరుసటి ఆదివారం దానయ్య మళ్లీ వెళ్లాడు. ఆ పై వారమూ వెళ్లాడు. వెళ్లినప్పుడల్లా ఒక్క ఊహ పట్టుకెళ్లేవాడు. వారమంతా తాడు పట్టుకుని అదే ఆలోచించేవాడు. నూకాలు ఏమంటుంది, ఎలా అంటుంది. ఊహ చెప్పాలంటే ముందు నూకాలు ఎలాంటిదో చెప్పాలి కదా. బియ్యంలో రాయి వస్తే ఏమనేదో, వాన వస్తే ఏమనేదో, తను ఆలస్యంగా వస్తే ఏమనేదో చెప్పుకుంటూ వచ్చేవాడు. ఇరవై మాటల మనిషి పొద్దు వాలేదాకా చెప్పేవాడు. పెంటయ్య కళ్లు పెద్దవి చేసుకుని వినేవాడు. ఆఖరున తల అడ్డంగా ఊపేవాడు. "అయితే వచ్చే వారం" అని దానయ్య లేచేవాడు.

వానలు తగ్గిన ఒక ఆదివారం దానయ్య అన్నం ముందు కూర్చుని, తినకుండా, అన్నాడు: "ఆ రోజు నేను మాటాడకపోడానికి కారణం ఉందిరా. ఎవరికీ సెప్పలేదు. మీ నాన్న నన్నేదో అడుగుతున్నాడు, నా సెవి అటు లేదు. పెరట్లో మీ అక్క కోళ్లని తిడతంది. బియ్యం సేటలో మూతి పెట్టాయి కాబోలు. అలాంటి తిట్లు నేనెక్కడా వినలేదు. ఆటిని తిడతందా, ముద్దు సేత్తందా తెలీకుండా ఉంది. నేనది వింటా ఉండిపోయాను. తలుపు సందులోంచి తను ఓసారి తొంగి చూసింది. నేను వింటన్నానని తెలిసింది. తెలిసీ, మళ్లీ ఎల్లి ఇంకా గట్టిగా తిట్టింది." ఆగాడు. "మూగోడు కాడురా, వింటన్నాడు. అలా అందా?"

అప్పయ్యమ్మ చేతిలో గరిటె ఆగింది.

పెంటయ్య బావ మొహంలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చూడనంతసేపు చూశాడు. కళ్లు నిండాయి. తరవాత, చాలా ఆలస్యంగా, కాదని తల అడ్డంగా ఊపాడు.

ఆ ఆలస్యం దానయ్య చూశాడు. చూడనట్టే తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు.

"అయితే వచ్చే వారం" అన్నాడు.